లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదికీ కాలక్షేపం, ఆంక్షలు సడలాక విహారం: ఎక్కడికి అన్నదాని కన్నా ముందు చూసుకోవలసినవి

పదమూడేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి, ఎక్కువ దూరం నడవలేని అత్తగారు ఉన్న మీ ఇంట్లో లాక్‌డౌన్ మొదటి పది రోజులూ పండగలా గడిచాయనీ, మూడో వారానికల్లా లూడో దగ్గర మొదలైన గొడవ భోజనాల దాకా పాకిందనీ, అమ్మాయి గది తలుపు వేసుకుని ఫోనుతో ఉండిపోతోందనీ, తీరా ఆంక్షలు సడలించాక ఎంతో ఆశపడి వెళ్ళిన తొలి విహారం రెండు గంటల్లోనే ఏడుపులతో ముగిసిందనీ రాశారు. మళ్ళీ ఆంక్షలు వస్తే ఇంట్లో ఏం ఆడించాలి, రాకపోతే ఎక్కడికి తీసుకువెళ్ళాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆటవస్తువులను అరువిచ్చే చిన్న గ్రంథాలయాన్ని నడుపుతున్నాను. సెలవు రోజుల్లో పిల్లలున్న కుటుంబాలను వెంటబెట్టుకుని కాలినడకన తిప్పుతుంటాను. అందువల్ల మీరు చెప్పిన రెండు పరిస్థితులనూ చాలా ఇళ్లలో దగ్గరి నుంచి చూశాను. మీ ఇంట్లో తలెత్తిన చిక్కు ఆటలు చాలకపోవడం వల్ల వచ్చినది కాదని నా అభిప్రాయం. మామూలు రోజుల్లో మనం విహారమని పిలిచే దానిలో మూడు పాళ్లు ఉంటాయి: వెళ్తామని ఎదురుచూడడం, వెళ్ళి అక్కడ గడపడం, తిరిగి వచ్చి చెప్పుకోవడం. బడికీ, ఆఫీసుకూ, అంగడికీ వెళ్ళి రావడం కూడా రోజును ఇలాగే విడగొట్టి పెడుతుంది. ఇంట్లో బందీలమయినప్పుడు ఈ గట్లన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి; సమయం ఎక్కువైనట్టు కనిపిస్తుంది గాని, గట్టు లేని నీటిలా అది ఎక్కడా నిలవదు. కనుక ఏ ఆట, ఏ ఊరు అని వెతికే ముందు, మొదలెక్కడో ముగింపెక్కడో తేల్చుకోవడం అవసరం. ఇంట్లో ఉన్నా బయటికి వెళ్ళినా ఇది ఒక్కటే సూత్రం కనుక మీ రెండు ప్రశ్నలకూ కలిపే జవాబిస్తున్నాను.

అయితే దీన్ని కాలపట్టికగా అర్థం చేసుకోకండి. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న తర్వాత మా ఇంట్లో కూడా అందరమూ లోపలే ఉండవలసిన రోజులు వచ్చినప్పుడు, వృత్తిరీత్యా నాకు అన్నీ తెలుసునన్న ధీమాతో ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా గంట గంటకూ ఒక పని రాసి, రంగులు వేసి, గోడకు అంటించాను. నాలుగో రోజున ఆ కాగితం వెనకవైపు మా చిన్నవాడు ఏనుగు బొమ్మ వేసుకున్నాడు. అప్పటికి ఎవరూ దానివైపు చూడడం లేదు కనుక నాకూ కోపం రాలేదు. ఇంట్లో నిలిచినవి రెండే గట్లు: సాయంత్రం దీపాలు వేసే ముందు అందరమూ ఒకచోట కలిసే ముప్పావు గంట, వారంలో ఒక పూట ‘ప్రయాణం’. ఈ రెండూ తప్పితే మిగిలిన సమయం ఎవరిది వారికి వదిలేశాం. మీరు కూడా ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. రోజంతా కలిసి గడపాలన్న సంకల్పమే మూడో వారపు గొడవలకు మూలమని నాకు పదే పదే కనిపించింది. గంటకోసారి నవ్వించవలసిన బాధ్యతను నెత్తిన వేసుకున్న తల్లిదండ్రులు ముందుగా అలసిపోతారు, వారి అలసట పిల్లలకు చిరాకుగా చేరుతుంది.

మీ అమ్మాయి తలుపు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. పదమూడేళ్ల పిల్లకు మామూలు కాలంలో ఇంటికి బయట ఒక లోకం ఉంటుంది. స్నేహితులతో నడిచి వచ్చే దారి, బడిలో మధ్యాహ్నపు కబుర్లు, ఇంట్లోవాళ్లు వినని మాటలు. ఆ లోకమంతా ఇప్పుడు ఫోనులో సర్దుకుంది. తలుపు వేసుకోవడం ఇంటిని కాదనడం కాదు, ఆమెకు మిగిలిన ఒకే ఒక్క బయటికి వెళ్ళడం. కాబట్టి తలుపు వేసుకునే సమయాన్ని ఆమె హక్కుగా ఒప్పుకుని, దానికి బదులుగా ఆ ముప్పావు గంట మాత్రం ఫోను లేకుండా రమ్మని అడగండి. అడిగేటప్పుడు ‘తమ్ముణ్ణి ఆడించు’ అని మాత్రం అడగవద్దు. తమ్ముడికి కాపలా ఉండే పనిగా మారిన ఆటలో ఏ అక్కా మనసు పెట్టదు.

ఇక ఆటలు. పదమూడేళ్లు, ఏడేళ్లు, పెద్దవయసు ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అసలు ఇబ్బంది బలాల తేడా. లూడో ఈ తేడాను పాచికలతో చెరిపేస్తుంది కనుక అందరికీ తొందరగా నచ్చుతుంది. పచ్చీసు నుంచి పుట్టి, 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఈ ఆట అన్నేళ్లుగా నిలవడానికి కారణం అదే. కానీ అందులో ఇంటి గుమ్మం దాకా వచ్చిన కాయను కొట్టి వెనక్కి పంపడమే ప్రధానమైన సంతోషం. రోజుకొక్కసారి ఆడితే అది సరదా. బయటికి వెళ్ళే దారి లేని ఇంట్లో రోజుకు ఐదుసార్లు ఆడితే కొట్టినవారి మీద కసిగా మిగులుతుంది. ఓడినవాడు వీధిలోకి పోయి ఒక చుట్టు తిరిగి వచ్చే అవకాశం లేకపోవడం చిన్న విషయం కాదు. మీ ఇంట్లో గొడవ లూడో దగ్గర మొదలైందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, బలమైనవారి చేతిని ఆట మొదట్లోనే బాహాటంగా కట్టడం. చదరంగంలో అనుభవజ్ఞులు తమ మంత్రినో ఏనుగునో బల్ల మీద నుంచి తీసేసి కొత్తవారితో ఆడడం శతాబ్దాలుగా ఉన్న మర్యాద. తూర్పు ఆసియాకు చెందిన గో ఆటలోనైతే బలహీనుడైన ఆటగాడు రెండు నుంచి తొమ్మిది రాళ్లను ముందుగానే బల్ల మీద పెట్టుకుని మొదలుపెట్టే పద్ధతి ఆట నియమాల్లోనే భాగం. తల్లిదండ్రులు తెలిసి తెలిసి ఓడిపోవడం కన్నా ఇది ఎంతో నయం, ఎందుకంటే దొంగ ఓటమిని ఏడేళ్ల పిల్లవాడు రెండో రోజే పసిగడతాడు. అబ్బాయి మూడుసార్లు వరుసగా గెలిస్తే అవతలివారికి ఒక పావు తిరిగి వస్తుందని ముందే ఒప్పందం చేసుకోండి. అప్పుడు తమకిచ్చిన వెసులుబాటు తగ్గడాన్ని కూడా పిల్లలు బిరుదులా చెప్పుకుంటారు. రెండో దారి, అందరూ ఒకే పక్షాన ఉండి ఆటతోనే తలపడే సహకార ఆటలు. వీటిలో బాగా పేరున్నది 2008లో మ్యాట్ లీకాక్ రూపొందించిన ఆట. ప్రపంచ పటం మీద పాకుతున్న వ్యాధులను ఆటగాళ్లంతా కలిసి అడ్డుకోవాలి, దాని పేరే ‘పాండెమిక్’. ఆ పేరున్న పెట్టెను ఆ రోజుల్లో అరువడగడానికి కొందరు వెనకాడారు, కొందరు పట్టుబట్టి మరీ తీసుకున్నారు. సహకార ఆటల్లో ఒక లోపం ఉంది: గట్టిగా మాట్లాడేవారు అందరి వంతూ తామే ఆడేస్తారు. ఎవరి వంతులో వారి మాటే చెల్లుతుందనీ, సలహా అడిగితేనే చెప్పాలనీ నియమం పెట్టకపోతే అక్క చెప్పినట్టు తమ్ముడు కాయలు జరపడంగా అది ముగుస్తుంది.

ముక్కలు పేర్చి బొమ్మను పూర్తిచేసే జిగ్సా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, మీకు తెలిసే ఉంటుంది. 1760లలో లండనుకు చెందిన జాన్ స్పిల్స్‌బరీ పటాన్ని చెక్కకు అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మినప్పటి నుంచీ దాని స్వభావం మారలేదు: ఎవరు ఎప్పుడైనా వచ్చి రెండు ముక్కలు పెట్టి వెళ్ళిపోవచ్చు. మీ అత్తగారికీ మీ అమ్మాయికీ ఇంతకన్నా అనువైనది నాకు తోచడం లేదు, ఎందుకంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడవలసిన అవసరం లేకుండానే పక్కపక్కన ఉండగలుగుతారు. భోజనాల బల్ల మీద మాత్రం పరచవద్దు. రోజుకు మూడుసార్లు తీయవలసి వచ్చే జిగ్సా వారం తిరక్కుండానే పెట్టెలోకి వెళ్తుంది. పాత తలుపు చెక్కో, దళసరి అట్టో ఉంటే దాని మీద పరచి, అవసరమైనప్పుడు అట్టతో సహా మంచం కిందికి నెట్టవచ్చు.

లాక్‌డౌన్‌లో కాలక్షేపం అనగానే అందరూ చేతులకు పని వెతుకుతారు గాని, నా దృష్టిలో ఎక్కువ నష్టపోయేది కళ్లు. ఇంట్లో మన చూపు గోడను దాటదు. చైనాలోని ఫేచెంగ్ పట్టణంలో బడి పిల్లలకు ఏటా చేసే కంటి పరీక్షల్లో, ఆరేళ్ల పిల్లలలో హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించే లోపం) 2015 నుంచి 2019 వరకు ఏ సంవత్సరంలోనూ 5.7 శాతం దాటకపోగా, నెలల తరబడి ఇంట్లో ఉన్న తర్వాత 2020లో 21.5 శాతంగా కనిపించింది. కనుపాప విప్పే చుక్కల మందు వేయకుండా చేసిన పరీక్ష కనుక ఈ అంకెలను తుది నిర్ధారణగా తీసుకోకూడదు, అయినా తేడా విస్మరించదగ్గది కాదు. పదేళ్లు దాటిన పిల్లల్లో అంత పెరుగుదల కనబడలేదు కనుక మీ ఇంట్లో ముందుగా జాగ్రత్తపడవలసింది చిన్నవాడి విషయంలోనే. ఎండ ఉన్న రోజున ఆరుబయట వెలుతురు, దాన్ని కొలిచే లక్స్ లెక్కలో, పది వేలు సులువుగా దాటుతుంది, ఇంట్లో దీపాల కింద అది కొన్ని వందలకు మించడం అరుదు. అందువల్ల బాల్కనీ అయినా, డాబా అయినా, తెరిచిన కిటికీ అయినా, దూరంగా చూడవలసిన పనిని రోజులో ఒకటి పెట్టండి. ‘దూరం చూడు’ అంటే ఏ పిల్లవాడూ చూడడు. చూడడానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి.

ఆకాశం ఆ పనికి బాగా పనికివస్తుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తొంభై నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. సంధ్య వేళకు అటూ ఇటూ, మన నేల చీకటైపోయి దాని మీద ఇంకా ఎండ పడుతున్న సమయాల్లో, రెప్పవేయని నక్షత్రంలా కొద్ది నిమిషాల్లో ఆకాశాన్ని దాటుతుంది. అది ఏ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో ముందే తెలుసుకునే వీలుంది కనుక, ఇందులో ఎదురుచూపు ఉంది, చూడడం ఉంది, లోపలికి వచ్చి చెప్పుకోవడమూ ఉంది. అంటే గడప దాటకుండా చేసిన పూర్తి విహారమన్నమాట. చంద్రుడు ప్రతిరోజూ సగటున యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. ఏ కిటికీలోంచి, ఏ సమయానికి కనిపించాడో వారం పాటు రాసి పెడితే ఎనిమిదో రోజు సంగతి అబ్బాయే చెప్పగలుగుతాడు. 2020 డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు ఎడంతో, 1623 తర్వాత ఎన్నడూ లేనంత దగ్గరగా కనిపించినప్పుడు, మా గ్రంథాలయానికి వచ్చే పిల్లలు ఎవరి డాబా మీద నుంచి వారు బొమ్మలు గీసి పంపారు. వరుసగా పది రోజులు గీసినవారికి ఆ రెండు చుక్కలూ దగ్గరపడడం, మళ్ళీ విడిపోవడం తమ బొమ్మల్లోనే కనిపించింది.

పగటి పూటకు నేను సూచించేది ఒక చదరపు మీటరు. మొక్కలను అధ్యయనం చేసేవారు ఒక చట్రాన్ని నేల మీద ఉంచి, దాని లోపల ఏయే జాతులు ఉన్నాయో లెక్కిస్తారు. తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గీసుకోగలిగే నేల మీకు ఉంటే అందులోని ప్రతి మొక్కకూ పురుగుకూ పిల్లలే పేరు పెట్టి లెక్క రాయవచ్చు. నేల లేకపోతే పూలకుండీ చాలు, అదీ లేకపోతే కిటికీలోంచి కనిపించే ఒక్క కొమ్మ. చెవికి కూడా పని ఉంటుంది. 2020 వసంతంలో రద్దీ తగ్గిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఒక జాతి పిచ్చుకలు అంతకు ముందు కన్నా తక్కువ గొంతుతో పాడాయనీ, అయినా చప్పుడు తగ్గడం వల్ల వాటి పాట దాదాపు రెట్టింపు దూరం వినిపించిందనీ పరిశోధకులు గమనించారు. మీ అత్తగారిని ఈ పనికి నాయకురాలిగా పెట్టండి. నడవలేకపోవడం కిటికీ దగ్గర లోపం కాదు, ఓపికగా కూర్చోగలగడం అక్కడ గొప్ప అర్హత. ఏ పక్షి ఏ పూట వస్తుందో ఇంట్లో అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

వారానికొక ‘ప్రయాణం’ అన్నాను. అదేమీ పెద్ద ఏర్పాటు కాదు. ఎక్కడికి వెళ్ళాలో ప్రతి వారమూ ఒక్కొక్కరు నిర్ణయిస్తారు, మిగిలినవారు దానికి సిద్ధపడతారు, నిర్ణీత సమయానికి ‘తిరిగి వస్తారు’. 2020 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం, ఒక డచ్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మొదలుపెట్టిన ఆలోచనను అందుకుని, ఇంట్లో దొరికే వస్తువులతో ప్రసిద్ధ చిత్రాల్లోని దృశ్యాలను అనుకరించి ఫోటో తీయమని ప్రజలను ఆహ్వానించింది. దుప్పట్లు పట్టు వస్త్రాలయ్యాయి, గిన్నెలు కిరీటాలయ్యాయి. మ్యూజియం గదులను తెర మీద తిప్పి చూపించే పర్యటనల కన్నా ఇది వెయ్యి రెట్లు మేలని నా అనుభవం. తెర మీది పర్యటనలో పిల్లలు పది నిమిషాల్లో వేలితో ముందుకు తోసేస్తారు; ఒక చిత్రంలో చెయ్యి ఏ వంపులో ఉందో, వెలుతురు ఎటు నుంచి పడుతోందో అనుకరించవలసి వచ్చినప్పుడు మాత్రం దానినే అరగంట చూస్తారు. మీ అమ్మాయి ఫోను కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. తెరను పూర్తిగా నిషేధించమని నేను ఎవరికీ చెప్పను. రెండు నుంచి నాలుగేళ్ల పసివాళ్లకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మీ పిల్లలు ఆ వయసు దాటారు. మీకు వర్తించేది అదే సంస్థ 2020 నవంబరులో చెప్పిన మరో మాట: ఐదు నుంచి పదిహేడేళ్ల వారికి సగటున రోజుకు అరవై నిమిషాల శారీరక శ్రమ కావాలి. అది ఒకే దఫా కానక్కరలేదు. మెట్లు ఉన్న భవనమైతే మెట్లే చాలా వరకు తీరుస్తాయి.

కొద్దిపాటి నడకకు అనుమతి ఉన్న దశ వేరు. స్పెయిన్‌లో 2020 మార్చి మధ్య నుంచి దాదాపు ఆరు వారాల పాటు పిల్లలను నడకకు కూడా బయటికి రానివ్వలేదు. ఏప్రిల్ 26 నుంచి పద్నాలుగేళ్ల లోపు వారిని ఒక పెద్దవారి తోడుతో, రోజుకు గంటసేపు, ఇంటికి కిలోమీటరు లోపల తిరగనిచ్చారు. ఫ్రాన్స్‌లో కూడా అప్పట్లో అదే గంట, అదే కిలోమీటరు. పైగా ఎందుకు, ఎన్ని గంటలకు బయటికి వచ్చారో రాసి సంతకం చేసిన పత్రం వెంట ఉంచుకోవలసి వచ్చేది. ఈ నియమాన్ని చాలామంది చెరసాలగా భావించారు, అది సహజమే. కానీ పటం మీద ఇంటి చుట్టూ కిలోమీటరు వ్యాసార్థంతో వృత్తం గీసి చూడండి: అందులో మూడు చదరపు కిలోమీటర్లకు పైగా నేల ఉంటుంది. ఏళ్ల తరబడి ఉంటున్నవారు కూడా అందులో మూడో వంతు దారులను తొక్కి ఉండరు. ఆ పటాన్ని మీ అమ్మాయికి అప్పగించి, నడిచిన వీధినల్లా రంగుతో నింపమనండి. రోజూ ఇంకా రంగు పడని వీధిలోంచి వెళ్ళి, మరో దారిన రావాలన్నదే నియమం. నడకకు ఒక లక్ష్యం ఉంటే చిన్నవాడు కాళ్లు నొప్పులనడు. న్యూజిలాండ్‌లో 2020 మార్చి 25 రాత్రి కఠిన ఆంక్షలు మొదలైనప్పుడు, వీధిలో నడిచే పిల్లలు వెతుక్కోవడానికి ఇళ్లవాళ్లు కిటికీల్లో ఎలుగుబంటి బొమ్మలు కూర్చోబెట్టారు. అప్పటి ప్రధానమంత్రి జసిందా ఆర్డెర్న్ కూడా తమ కిటికీలో ఒకటి ఉంటుందని చెప్పారు. ఎవరూ ఎవరి దగ్గరికీ పోకుండానే ఊరంతా కలిసి ఆడిన దాగుడుమూతలవి. మీ వీధిలో బొమ్మలు లేకపోతే నీలిరంగు తలుపులు లెక్కపెట్టవచ్చు, ఇంటి నంబర్లలో తొమ్మిదితో భాగించబడేవి వెతకవచ్చు.

ఇప్పుడు మీ తొలి విహారం ఎందుకు చెడిందో చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి, తెల్లవారుజామున లేచి, రెండు గంటలు ప్రయాణించి, జనం ఎక్కువగా వచ్చే చోటికి వెళ్ళి, అక్కడ కొండమెట్లు ఎక్కే ఏర్పాటు చేసుకున్నారు. నెలల తరబడి దాచిపెట్టుకున్న కోరికలన్నింటినీ ఒకే రోజు మీద మోపడం ఇది. ఇంట్లో ఉన్న నెలల్లో కాళ్లకు నడక తగ్గింది, చెవులకు జనం చప్పుడు అలవాటు తప్పింది, దగ్గినవారిని చూస్తే భయపడడం పిల్లలకు అలవాటైంది. మొన్నటిదాకా గుంపులోకి వెళ్ళవద్దని మనమే చెప్పి, ఈరోజు గుంపు మధ్యకు తీసుకువెళ్ళి ‘ఆనందించు’ అంటే ఏడేళ్ల బుద్ధికి అది పొంతన కుదరని మాట. వాడి ఏడుపును మొండితనంగా లెక్కవేయకండి.

దూరాన్ని అంచనా వేయడానికి కొండలెక్కేవారు వాడే పాత లెక్క ఒకటి ఉంది. 1892లో స్కాట్లండుకు చెందిన విలియం నైస్మిత్ చెప్పిన ఈ లెక్క ప్రకారం సుమారు ఐదు కిలోమీటర్లకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి ఆరు వందల మీటర్లకు మరో గంట వేసుకోవాలి. ఇది ఆరోగ్యవంతులైన పెద్దలకు, అదీ ఆగకుండా నడిచేవారికి. పిల్లలుంటే నేను దాన్ని రెట్టింపు చేస్తాను. దీర్ఘకాలం ఇంట్లో ఉన్న తర్వాతి మొదటి నెలలో మూడింతలు చేస్తాను. అంటే నాలుగు కిలోమీటర్ల దూరం, మూడు వందల మీటర్ల ఎత్తు ఉన్న దారికి పెద్దల లెక్కలో గంటా ఇరవై నిమిషాలు పడితే, మీ ఇంటివారికి నాలుగు గంటలు పెట్టుకోవాలి. ఇలా లెక్కవేస్తే సగం విహారాలు బయలుదేరకముందే కుదించుకోవలసి వస్తుంది, అదే మంచిది. మొదటి రెండు విహారాలకు ప్రయాణం అరగంట మించకూడదు, అక్కడ ఉండేది గంటన్నర దాటకూడదు. పిల్లలు ‘ఇంకాసేపు’ అంటున్నప్పుడే వెనక్కి తిరగాలి. అలసిపోయాక తిరుగుముఖం పట్టిన విహారం వారికి అలసటగానే గుర్తుంటుంది.

చోటు ఎంచుకోవడంలో 2020లో జపాన్ ప్రజలకు ఇచ్చిన సూచన నాకు అన్నింటికన్నా తేలికగా గుర్తుండేదిగా తోచింది: గాలి ఆడని మూసిన చోటు, జనం గుమిగూడిన చోటు, దగ్గరగా నిలబడి మాట్లాడుకునే చోటు, ఈ మూడింటికీ దూరంగా ఉండాలి. పిల్లల చేత చెప్పించడానికి మూడు వేళ్లు చాలు. చెరువు గట్టు, పొలాల నడుమ కాలిబాట, వారాంతంలో కాకుండా మామూలు రోజున పొద్దున్నే వెళ్ళే పార్కు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. లోపలి చోట్లలో సమయం ముందుగా కేటాయించేవాటినే ఎంచుకోండి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2020 జులై 6న తిరిగి తెరిచినప్పుడు మాస్కుతో పాటు ముందే సమయం నిర్ణయించుకుని రావాలన్న నియమం పెట్టింది; అలాంటి ఏర్పాటు ఉన్నచోట వరుసలో నిలబడే పని తగ్గడం పిల్లలున్న కుటుంబాలకు పెద్ద ఊరట.

మీ అత్తగారిని ఇంట్లో వదిలి వెళ్ళామన్న బాధ మీ మాటల్లో కనిపించింది. మడత కుర్చీ ఒకటి వెంట తీసుకువెళ్ళి, బండి ఆగే చోటికి నూరడుగుల లోపల నీడ ఉన్న స్థలాన్ని మకాంగా చేసుకుంటే, విహారం ఆ కుర్చీ చుట్టూ తిరుగుతుంది. పిల్లలు పావుగంట దూరం వెళ్ళి, ఏదో ఒకటి చూసి, వచ్చి ఆమెకు చెప్పి, మళ్ళీ మరో వైపు వెళ్తారు. కాళ్లకు మధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. పైగా ఒకే విహారంలో నాలుగైదు చిన్న రాకపోకలు ఉండడం వల్ల, చెప్పుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండడం వల్ల, చిన్నవాడికి విసుగు పుట్టదు. మందులు వాడుతున్న పెద్దలైతే ఎండ, మూత్రశాల సంగతి ముందే విచారించుకోవాలి. ఈ రెండింటి విషయంలో మాత్రం ‘అక్కడ చూసుకుందాంలే’ అనుకోవద్దు.

చివరి చిక్కు, అనుకున్న విహారం రద్దు కావడం. ఆంక్షలు వచ్చి పోయే కాలంలో ఇది తప్పదు. తేదీని ముందుగా పిల్లలకు చెప్పకుండా దాచడం కొందరు పాటించే ఉపాయం. నేను దానికి ఒప్పుకోను, ఎందుకంటే ఎదురుచూపును తీసేస్తే విహారంలో మూడో వంతు పోతుంది. తేదీకి బదులు సంచిని సిద్ధం చేయండి. నీళ్ల సీసాలు, పరచుకునే దుప్పటి, బంతి, ప్రథమ చికిత్స సామాను, అమ్మాయి రంగు వేసిన పటం ఒక సంచిలో సర్ది తలుపు పక్కన వేలాడదీయండి. వెళ్ళడానికి వీలైన రోజున అరగంటలో బయలుదేరవచ్చు. వీలు కాని రోజున అదే సంచి తీసుకుని డాబా మీదికో, అదీ లేకపోతే కిటికీ పక్కకో వెళ్ళి, అదే దుప్పటి పరచి, చెప్పిన సమయానికి మొదలుపెట్టి చెప్పిన సమయానికి ముగించండి. లోపలికి వచ్చాక సంచిని ఖాళీ చేసి, సీసాలు కడిగి, మళ్ళీ సర్ది అదే కొక్కేనికి తగిలించే పని మీ అబ్బాయికి అప్పగించండి.